ఒకే కత్తితో వెయ్యి గెడ్డాలు

గెడ్డం గీసుకునే ఈ మడత కత్తి మీద చేసినవాళ్ల పేరు మిగల్లేదు. నాకంటే ముందు వాడినవాళ్లెవరో మెరుపు కోసం తోమితోమి పిడి దగ్గరి తోక మీది ముద్రను అరగదీశారు. చివర "సోలింగెన్" అన్న ఊరి పేరు ఒక్కటే చదవడానికి వస్తుంది. నాకు ఆ మాట చాలు. ఆ ఊరి పేరును కాపాడటానికి జర్మనీలో 1938లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. అక్కడ తయారుకాని కత్తి మీద ఆ పేరు వేయకూడదు. వెడల్పు 5/8, అంటే అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఐదు భాగాలు, దాదాపు 16 మిల్లీమీటర్లు. కత్తి ముక్కు, అంటే కొస, గుండ్రం. రెండు పక్కలా లోతుగా గుల్ల చేసిన ఫుల్ హాలో రకం. నల్ల కొమ్ము పిడి, కార్బన్ స్టీలు. 2019లో పాతదే కొన్నాను, కస్టమ్స్ సుంకంతో కలిపి 6,200 రూపాయలు పడింది. 2022 మార్చి 1 నుంచి, ఇంట్లో ఉన్న రోజుల్లో దీంతోనే గెడ్డం గీసుకుంటున్నాను. నోటుపుస్తకంలో లెక్క ఇప్పటికి 1,043.

ఆ మార్చి 1న నా దగ్గర ఇలాంటి మడత కత్తులు పద్దెనిమిది ఉన్నాయి. పంతొమ్మిదోది కొనకుండా ఉండగలనా అన్న ప్రశ్నతోనే వీటిలోంచి ఒకదాన్ని ఎంచుకుని మిగతావి కట్టగట్టి పైన పెట్టాను. అందుకే ఈ సమీక్షలో కత్తి పనితనాన్నీ, ఆ కట్టడి పనితనాన్నీ విడదీసి చెప్పడం నావల్ల కాదు.

మొదటిది 2017లో కొన్నాను. రెండు నెలలు తిరక్కుండానే రెండోది. ఎందుకని ఎవరైనా అడిగితే ప్రతిసారీ నా దగ్గర సరైన జవాబే ఉండేది. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ ఊరిది, గుల్ల చేయని పాతకాలపు వెడ్జ్ తన బరువుతో తనే గెడ్డంలోకి ఎలా దిగుతుందో చూడాలి. స్వీడన్‌లో ఎస్కిల్‌స్టూనా స్టీలు ఎంతకాలం పదును నిలుపుకుంటుందో చూడాలి. ఫ్రాన్సులో తియేర్ ఊరి కత్తి ఒకటి ఉండాలి. స్పెయిన్ ఫిలార్మోనికా 14 నంబరు ఒకటి ఉండాలి. మడత లేకుండా నిటారుగా ఉండే జపాన్ కమిసోరికి రెండు ముఖాలూ రెండు రకాలుగా ఉంటాయి, అది చేతిలో ఎలా ఉంటుందో తెలియాలి.

దానికి తోడు చరిత్ర. షెఫీల్డ్ కత్తుల తోక మీద కొన్నిటికి కిరీటం గుర్తు, పక్కన రెండక్షరాలు ఉంటాయి. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి కాలం. డబ్ల్యు.ఆర్. అంటే నాలుగో విలియం. ఆయన ఏలింది 1830 నుంచి 1837 వరకే కాబట్టి ఆ ముద్ర కనిపిస్తే కత్తి వయసు ఆ ఏడేళ్లలోనే తేలిపోతుంది. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం ప్రకారం ఆ దేశంలోకి వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలి. అందుకని "ఇంగ్లండ్" అన్న మాట లేని కత్తి 1891కి ముందుది అయి ఉండొచ్చని సేకరణదారులు అంచనా కడతారు. ఇవి తెలుసుకోవడం నాకు నిజంగా ఇష్టం, ఇప్పటికీ ఇష్టమే. కానీ అప్పట్లో తెలుసుకున్న ప్రతి సంగతీ ఒక పార్సిలుగా మారి ఇంటికి వచ్చేది. రెండో షిఫ్టు దిగి రాత్రి పదకొండున్నరకు అన్నం తిన్నాక, నిద్ర పట్టని ఆ గంటలో ఫోనులో వేలంపాటలు చూసేవాణ్ని. పద్దెనిమిదిలో పదమూడు ఆ వేళప్పుడు కొన్నవే. నాలుగేళ్లలో మొత్తం లక్షా ముప్పై వేలు దాటింది.

ఒకసారి విదేశం నుంచి ఒక అమ్మకందారు పంపిన 6/8 కత్తికి వాదర దగ్గర వెంట్రుకంత చీలిక ఉంది. ఫొటోల్లో కనపడలేదు. గోటితో మీటితే మంచి కత్తి సన్నగా మోగుతుంది, ఇది మొద్దుగా పలికింది. చీలిన కత్తి ముఖం మీద పెట్టకూడదు కాబట్టి అది పనికిరాకుండా పోయింది. డబ్బు తిరిగి రాలేదు. దాని వల్ల కూడా నా కొనుగోళ్లు ఆగలేదు, ఎక్కడ కొనాలో మాత్రం మారింది.

అసలు దెబ్బ తుప్పుది. మాది విశాఖపట్నం, సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపు ఇల్లు. కిటికీ ఊచలకు రంగు వేసిన రెండేళ్లకే పొరలు లేస్తాయి. కార్బన్ స్టీలు కత్తికి ఈ గాలి పగ. గీసుకున్నాక కడిగి, గుడ్డతో ఒత్తి, పిడి మధ్య తేమ ఆరేదాకా తెరిచి ఉంచి, పలచగా నూనె రాయాలి. మొదట్లో కొబ్బరినూనె రాసేవాణ్ని. కొన్ని వారాలకు జిగురుగా పేరుకుని మక్కిన వాసన వచ్చేది. తర్వాత కుట్టుమిషను నూనెకు మారాను, అదే సరైనది. తోలు ఒరల్లో దాచడం కూడా తప్పే, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

ఒక్క కత్తికి ఇదంతా రెండు నిమిషాల పని. పద్దెనిమిదింటికి ఆదివారం పొద్దు సగం పోయేది. 2021 ఆగస్టులో పెళ్లి పనుల మీద రాజమండ్రి వెళ్లి పద్దెనిమిది రోజులు ఉండిపోయాం. తిరిగొచ్చి పెట్టె తీస్తే ఎనిమిది కత్తుల మీద గోధుమరంగు మచ్చలు. అందులో ఒకదానిది సెల్యులాయిడ్ పిడి. పాత సెల్యులాయిడ్ కుళ్లడం మొదలుపెడితే ఆమ్లపు ఆవిరి వదులుతుంది, అది ఇనుమును తినేస్తుంది, పక్కనున్నవాటిని కూడా. మూసిన పెట్టెలో దాని పక్కనే పెట్టిన మూడింటి వాదరలు గుంటలు పడిపోయాయి. ఎవరో నూట ఇరవై, నూట యాభై ఏళ్లు కాపాడుకొచ్చిన వస్తువులు నా చేతిలో రెండేళ్లకే పోయాయి. ఆ రాత్రి నాకు చాలా బాధేసింది. ఆ బాధతోనే, అదే నెలలో, ఇంకో కత్తి కొన్నాను.

ఆగడం ఎక్కడ మొదలైందంటే పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక చిన్న క్షవరం షాపులో. అక్కడ పనిచేసే తాతకు డెబ్బై దాటి ఉంటాయి. ఇప్పుడు అందరిలాగే ఆయన కూడా బ్లేడు సగానికి విరిచి పెట్టే కత్తితోనే గీస్తాడు, మనిషికో కొత్త ముక్క. కానీ అద్దం కింద సొరుగులో ఆయన పాత పొది ఉందని, అందులో అసలైన కత్తి ఉందని విన్నాను. దాన్ని కొందామని వెళ్లాను. ఎంతైనా ఇస్తానన్నాను.

ఆయన ఇవ్వనన్నాడు. కోపంగా కాదు. "నీకాడ కత్తి నేదేటి బాబూ?" అని అడిగాడు.

"ఉన్నాయి తాతా."

"ఎన్నున్నాయేటి?"

చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. మర్నాడు ఒకటి పట్టుకురమ్మన్నాడు. నేను ఈ సోలింగెన్‌దే పట్టుకెళ్లాను, అప్పటికి రెండు నెలలుగా చుబుకం దగ్గర లాగుతోందని పక్కన పడేసింది. ఆయన బొటనవేలి గోటి మీద వాదర ఆనించి తేలిగ్గా జరిపాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు. "దీనికి పదును పోనేదు బాబూ, అసలెవులూ సరిగ్గా పెట్టనేదు. రాయి తెచ్చుకో, ఇంకో కత్తి ఎందుకు?" అన్నాడు.

ఇంటికొచ్చి పాత ఆర్డర్ల తేదీలన్నీ తీసి పక్కపక్కన రాశాను. నేను కొన్న కత్తుల్లో ఎక్కువ భాగం, అంతకు ముందుది లాగడం మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో కొన్నవి. అమ్మేవాళ్లు నూరి పంపిన వాదర ముప్పై, నలభై గెడ్డాల దాకా బాగుండేది. తర్వాత మొద్దుబారేది. నాకు నూరడం రాదు. పదును కావలసినప్పుడల్లా కత్తి కొన్నాను. షెఫీల్డూ, స్వీడనూ, కిరీటం గుర్తూ అన్నీ ఆ తర్వాత నాకు నేను చెప్పుకున్న కారణాలు.

కాబట్టి 2021 అక్టోబరులో కత్తికి బదులు రాళ్లు కొన్నాను. నూరడం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే కొనాలనే కోరిక తగ్గడానికి నాకు ఇంతకంటే బాగా పనిచేసింది లేదు.

ఈ కత్తికి కోణం మన చేతుల్లో ఉండదు, కత్తిలోనే ఉంటుంది. వీపూ, వాదరా రెండూ ఒకేసారి రాయికి ఆనాలి. వీపు మందం, కత్తి వెడల్పు కలిసి కోణాన్ని నిర్ణయిస్తాయి, సుమారు 16, 17 డిగ్రీలు. వంటింటి కత్తిలా లేపి పట్టక్కర్లేదు కాబట్టి కష్టమంతా బరువు దగ్గరే. నేను మొదటి రెండు నెలలూ చెయ్యి అదిమి నూరాను. అదిమితే పలచటి ఫుల్ హాలో వంగుతుంది, వాదర రాయిని సరిగ్గా తాకదు. కత్తి బరువే చాలు, మన చెయ్యి దారి చూపించాలంతే.

రాయి నంబరు పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది. 1000 నంబరు రాయి మీద రెండు వైపుల వాలులూ ఒక గీతలో కలిసేదాకా నూరాలి. ఈ మెట్టు సరిగ్గా కుదరకపోతే పై రాళ్లు ఎన్ని మార్చినా పదును రాదు. నా కత్తికి ఎవరూ చెయ్యనిది ఇదే. ఆ తర్వాత 4000, 8000, చివరికి 12000. రాయి మధ్యలో పల్లం పడకుండా వజ్రపు పలకతో చదును చేస్తుండాలి. వీపు అరగకుండా ఒక వరస కరెంటు టేపు అంటిస్తాను. చివర గుడ్డ పట్టీ మీద 25 సార్లు, తోలు పట్టీ మీద 50 సార్లు. పట్టీ మీద వీపు ముందు నడవాలి, వాదర వెనక రావాలి. తిప్పేటప్పుడు వీపు మీదే దొర్లించాలి. వాదర మీద దొర్లిస్తే తోలు తెగుతుంది, పదునూ పోతుంది. నేను రెండు పట్టీలు అలా కోసుకున్నాను.

తుప్పు తిన్న మూడు కత్తుల మీదే ఇదంతా నేర్చుకున్నాను. ఐదు నెలలు పట్టింది. నెలకోసారి తాత దగ్గరికి తీసుకెళ్లి చూపించేవాణ్ని. ఫిబ్రవరి ఆఖర్లో ఈ సోలింగెన్ కత్తిని నూరి పట్టుకెళ్తే, గోటి మీద పెట్టి చూసి, తన ముంజేతి మీద నాలుగు వెంట్రుకలు గీసుకుని, తిరిగి నా చేతిలో పెట్టాడు. మర్నాటి నుంచే ఈ లెక్క మొదలు.

ఇంకో అపోహ కూడా వదుల్చుకోవలసి వచ్చింది. గీసుకున్న కత్తికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వాలని, అప్పుడే వాదర కోలుకుంటుందని పాత నమ్మకం. వారానికి ఏడు కత్తుల పెట్టెలు, వీపు మీద ఒక్కో వారం పేరు చెక్కినవి, షెఫీల్డ్ వాళ్లు ఒకప్పుడు అమ్మేవాళ్లు. ఈ నమ్మకం కొనేవాడికి భలే ఆసరా: ఒక్కటి ఎలా సరిపోతుంది, కనీసం ఏడు ఉండాలి కదా అని. నేను 1,043 సార్లు విశ్రాంతి లేకుండా వాడాను. తోలు పట్టీ మీద రోజూ తిప్పితే చాలు. వాదర ఎందుకు పోతుందన్నదానికి 2020లో ఎం.ఐ.టి. పరిశోధకులు "సైన్స్" పత్రికలో ఒక వివరణ ఇచ్చారు. వెంట్రుక ఉక్కు కంటే దాదాపు యాభై రెట్లు మెత్తన. అయినా వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలిన చోట, ఉక్కు నిర్మాణం ఒకేలా లేని బిందువు దగ్గర, వాదర నుంచి సూక్ష్మమైన పెచ్చులు ఊడతాయని వాళ్లు చూపించారు. వాళ్లు పరీక్షించింది వాడి పారేసే రేజర్లను. అయినా అది చదివాక గెడ్డం బాగా నానబెట్టడం మీద నాకు శ్రద్ధ పెరిగింది. గోరువెచ్చని నీళ్లతో మూడు నిమిషాలు, తర్వాతే నురుగు.

ఇక కట్టడి. నియమం ఇది: ఏ కత్తి మీద మనసు పడినా పేరూ ధరా నోటుపుస్తకం వెనక పేజీలో రాయాలి, చేతిలో ఉన్న కత్తి మళ్లీ రాయి మీదికి ఎక్కేదాకా నిర్ణయం తీసుకోకూడదు. దాదాపు నలభై గెడ్డాలకోసారి 12000 రాయి మీద తాజా చేస్తాను కాబట్టి, ఎంత తక్కువన్నా కొన్ని రోజులు, ఎక్కువైతే నెలన్నర ఆగాలి. ముప్పై రోజులు ఆగమని చాలామంది చెప్తారు. నాకు క్యాలెండరు గడువు పనిచేయలేదు, రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ని. నూరిన మర్నాడు ముఖం మీద కత్తి నురుగును తుడిచినట్టు జారుతుంటే, వెనక పేజీలో రాసుకున్నది చాలాసార్లు అక్కర్లేదనిపించింది. పద్నాలుగు పేర్లు రాశాను, పదమూడు కొట్టేశాను. రెండో నియమం రాత్రి పదకొండు తర్వాత ఫోను వంటింట్లో ఉండాలని. మొదటి రెండు నెలలు ఇదే అన్నిటికంటే కష్టమైంది.

కొట్టేయనిది డబ్ల్యు.ఆర్. ముద్ర ఉన్న షెఫీల్డ్ వెడ్జ్. పద్నాలుగో నెలలో కొన్నాను. మూడుసార్లు రాయి మీదికి ఎక్కినా కోరిక పోలేదు, పోదని తేలాక తీసుకున్నాను. దాన్ని నేనే నూరాను. వెడ్జ్ కాబట్టి వాలు వెడల్పు, రెండు ఆదివారాలు పట్టింది. ఆరుసార్లు గీసుకున్నాను, వాటిని పై లెక్కలో కలపలేదు. దీన్ని బట్టి కట్టడి నూటికి నూరు పాళ్లు పనిచేసిందని చెప్పను. అంతకు ముందు నాలుగేళ్లలో పద్దెనిమిది, ఆ తర్వాత మూడేళ్లకు పైగా ఒకటి.

ఇప్పుడు కత్తి సంగతి. నా గెడ్డం ముతక, ఒత్తు. మెడ మీద ఎడమవైపు సుడి తిరిగి ఉంటుంది. ఫుల్ హాలో ముతక గెడ్డానికి పనికిరాదని, వెడ్జ్ కావాలని చాలామంది అంటారు. సరిగ్గా నూరిన తర్వాత నాకు ఏ తేడా కనిపించలేదు. పలచటి కత్తి తెగిన ప్రతి వెంట్రుకనూ చెవికి వినిపిస్తుంది. చుబుకం మీద కరకరమంటుంది, చెంప మీద సన్నగా పాడుతుంది. కోణం పెరిగితే ఆ చప్పుడు మారుతుంది, చర్మం మండకముందే చెవి చెప్పేస్తుంది. కొత్తవాళ్లకు ఇది మంచి గురువు. 5/8 వెడల్పు నా ముక్కు కింద ఇమిడిపోతుంది. నా 7/8 కత్తులు అక్కడ అడ్డం వచ్చేవి. కత్తికున్న గుండ్రటి ముక్కు మీసం అంచు తీర్చడానికి మాత్రం బాగోదు, దానికి చదరపు ముక్కు కావాలి. నేను మీసం అంచును కత్తెరతో సరిచేసుకుంటున్నాను.

తెగిన గాట్లు మొత్తం పదకొండు. తొమ్మిది మొదటి మూడు నెలల్లోవే. ఒకటి చెవి తమ్మె దగ్గర, తొందర పడినందుకు. పటిక ముక్కతో ఆగిపోయాయి అన్నీ. మొదట్లో ముప్పై ఐదు నిమిషాలు పట్టేది, ఇప్పుడు పట్టీతో సహా పద్దెనిమిది. తొందరున్న పొద్దుల్లో దీని జోలికి వెళ్లొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అసలే వద్దు. విమానంలో చేతిసంచిలో పెట్టనివ్వరు కాబట్టి ప్రయాణాలకు వాడి పారేసే మామూలు రేజర్ పట్టుకెళ్తాను, ఆ రోజులు లెక్కలో లేవు. కొమ్ము పిడి ఒక పక్కకు కాస్త వంగింది. మడిచేటప్పుడు వాదర లోపలి గోడకు తగలకుండా వేలితో సర్దాలి.

ఇన్నేళ్లలో 12000 రాయి మీద ఇరవై ఆరుసార్లు తాజా చేశాను. 1000 దగ్గర్నుంచి మొదలుపెట్టింది రెండేసార్లు, రెండోది మా అమ్మాయి తెరిచిన కుళాయికి నా చెయ్యి తగిలి వాదర చిట్లినప్పుడు. అరుగుదల కంటికి ఆనదు. ఇలాగే వాడితే నా జీవితకాలానికి సరిపోయి ఇంకా మిగులుతుంది.

మిగతా కత్తుల్లో పదకొండింటిని ఇతర అభిరుచిదారులకు అమ్మేశాను, కొన్న ధరకు మూడింట రెండొంతులు వచ్చింది. మూడింటిని నూరడం నేర్పించి స్నేహితులకు ఇచ్చాను. వాళ్లలో ఒకరు రెండో కత్తి కోసం అడిగితే రాయి ఇచ్చాను. తుప్పు తిన్నవి ఇప్పటికీ ఉన్నాయి, నేర్చుకోవాలని వచ్చేవాళ్ల చేతికి ముందు అవే ఇస్తాను. అమ్మాయి ఎదుగుతోంది, తాళం వేయాల్సిన సొరుగు ఇంట్లో ఇప్పుడు ఒక్కటే.

తాత షాపుకు ఇప్పుడూ క్రాఫుకు వెళ్తాను. ఆయన పొదిలోని కత్తిని చివరికి ఒకసారి చూపించాడు. వెడల్పు అరిగి అరిగి సగం మిగిలింది. నేను ధర అడగలేదు.

వెనక పేజీలో పదిహేనో పేరు పోయిన వారమే రాశాను, స్వీడన్‌ది, పలచటి కత్తికి విడిగా వీపు తొడిగిన రకం. ఈ పొద్దున చుబుకం ఎడమ పక్కన కత్తి కాస్త లాగింది. ఆదివారం రాయి నానబెట్టాలి.